కడపలో సముద్రపు నాచు బతకదు, దాని పని చేసే మొక్క ఉంది

రొయ్యల చెరువు నీటిని సముద్రపు నాచుతో శుభ్రం చేసే పద్ధతి నెల్లూరు తీరానికి సరిపోతుంది. గ్రాసిలేరియా అనే ఎర్ర నాచు, మిగిలిన మేత నుంచీ మలం నుంచీ వచ్చే అమ్మోనియాను, ఫాస్ఫేటును పీల్చుకుని పెరుగుతుంది. దానికి ఉప్పునీరే కావాలి. కడప, అనంతపురం బోరునీళ్లలో కుళ్లిపోతుంది. దయచేసి ట్యాంకర్లతో ఉప్పునీళ్లు తెప్పించకండి. ఉప్పు చేలోకి దిగితే నేల బాగుపడటం చాలా కష్టం.

మన చేపల తొట్లకు డక్‌వీడ్ అనే, నీళ్లపై తేలే చిన్న మొక్క చాలు. నీళ్లపైనే తేలే అజొల్లా అంత బాగా పనికిరాదు, అది గాలిలోని నత్రజనితోనే బతకగలదు కాబట్టి నీళ్లలోని అమ్మోనియా మీద అంతగా ఆధారపడదు.

తొట్టి నీళ్లు ముందు ఒక డ్రమ్ములోకి రావాలి. మడ్డి అక్కడే దిగాలి, లేకపోతే వేళ్లకు పట్టి మొక్క పాడవుతుంది. తర్వాత అడుగు లోతున్న మొక్కల మడిలోకి నీళ్లు మెల్లగా పారాలి. మొదట మడి నీళ్ల పైభాగంలో సగం కప్పేంత డక్‌వీడ్ వేయండి. గాలికి ఒక మూలకు చేరకుండా పీవీసీ పైపులతో గడులు కట్టండి. ఎండాకాలం 50 శాతం షేడ్‌నెట్ తప్పదు.

అసలు కిటుకు కోతలో ఉంది. మడి నిండగానే మూడో వంతు తీసేయాలి. తీయకుండా వదిలితే అడుగున కుళ్లి, పీల్చిన అమ్మోనియా చాలావరకు తిరిగి నీళ్లలోకే వస్తుంది. తీసింది గడ్డిచేపకు, కోళ్లకు మేత. రాత్రిళ్లు మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్ ఆపొద్దు.