కాళేశ్వరం అనే ఊరు

కాళేశ్వరం పోతున్నానంటే ఈ మధ్య హనుమకొండలో ఎవ్వరూ దర్శనానికా అని అడగడం లేదు. కుంగిన పిల్లర్లు చూడనిస్తారా, బ్యారేజీ మీదికి పోనిస్తున్నారా, తప్పెవరిది, పైసలెవరు తిన్నరు... ఇవే ప్రశ్నలు. 2019 జూన్‌లో గోదావరి మీద కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు ప్రారంభమైన నాటి నుంచి ఆ పేరు ఊరి చేతిలోంచి జారిపోయింది. 2023 అక్టోబరులో ఆ ప్రాజెక్టుదే మేడిగడ్డ బ్యారేజీ దగ్గర పిల్లర్లు కుంగినంక అయితే, ఆ మాట ఎత్తితే చాలు ఇంట్లోనే కొట్లాట మొదలవుతుంది. మేడిగడ్డ వేరు, కన్నెపల్లి పంపుహౌసు వేరు, కాళేశ్వరం వేరని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మా అమ్మమ్మకు కాళేశ్వరం అంటే యముడూ శివుడూ ఒక్క పానవట్టం మీద ఉన్న చోటు, పోయినవాళ్ళ అస్థికలు కలిపే చోటు. పెత్రమాస, అంటే పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య ముందు నేను బయల్దేరింది ఆ కాళేశ్వరానికి.

పరకాల దాకా నిలబడే పోయాను. ఆడవాళ్ళకు టికెట్ తీసేసినప్పటి నుంచి ఈ రూటులో సీటు దొరకడం గగనం. బతుకమ్మకు తల్లిగారింటికి పోయే ఆడపిల్లలు, వాళ్ళ సంచులు, చంటిపిల్లల ఏడుపు. పరకాలలో కొంత ఖాళీ అయితే కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్కకు ఒక అవ్వ, ఆమె బిడ్డ వచ్చి సర్దుకున్నారు. బిడ్డ వయసు నా అంతే ఉంటుంది.

కండక్టరు ఆధార్ అడిగాడు. నాదీ, ఆ బిడ్డదీ చూసి జీరో టికెట్లు కొట్టాడు. అవ్వ కొంగుముడి విప్పి, మడత పెట్టిన ప్లాస్టిక్ కవరులోంచి తన కార్డు తీసింది. అతను దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూశాడు. అక్షరాలు మరాఠీవి.

"అవ్వా, ఇది మహారాష్ట్రది. నడ్వది. టికెట్ తీసుకోవాలె."

"ఎరికే కొడుకా. ఎప్పుడొచ్చినా గిదే గదా," అని నలిగిన నోట్లు ఒక్కొక్కటే విడదీసి ఇచ్చింది. ఆయన మాటలో కటువు లేదు, ఈమె మాటలో కోపం లేదు. తెలంగాణ ఆడవాళ్ళకే అని రూలు, అంతే. నా మనసుకే ఒప్పలేదు.

"ఏ ఊరవ్వా మీది?"

"తల్లిగారిల్లు మాదారం బిడ్డా, గిదే మహదేవపూర్ మండలం. నన్నిచ్చింది సిరోంచకు. పడవ మీద వచ్చిండ్రు పెండ్లోల్లు. గోదారి నిండుగున్నది, డప్పులోల్లను ఒక పడవల, మమ్మల్ని ఒక పడవల ఎక్కిచ్చిండ్రు. గిప్పుడంటే వంతెన అయింది."

బిడ్డ సిరోంచలో పుట్టి పరకాలకు కోడలుగా వచ్చింది. అంటే ఈ ఒడ్డున పుట్టిన తల్లికి టికెట్ పడింది, ఆ ఒడ్డున పుట్టిన బిడ్డకు పడలేదు. భూపాలపల్లి బొగ్గు లారీల వెనక బస్సు పాకుతున్నంత సేపూ, కాటారం దాటి ఇసుక లారీలు మొదలైనంక కూడా, నాకు ఇదే ఆలోచన.

రెండు ఒడ్ల మధ్య ఈ గీత 1860 నాటిది. ఆ ఏడు నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రాకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. వాళ్ళు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి పెట్టి, సిరోంచను దానికి ముఖ్యపట్టణం చేశారు. గోదావరి మీద ఆవిరిపడవలు నడిపి వార్ధా వైపు పత్తిని సముద్రం దాకా చేర్చాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన రోజులవి. నది మధ్య రాతిగట్లు అడ్డొచ్చాయి, ఖర్చు పెరిగింది, 1871లో ఆ పని ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేసి సిరోంచను చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిపారు. అక్కణ్ణుంచి మధ్యపరగణాలు, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. ఈ ఒడ్డున నిజాం రాజ్యం పోయి హైదరాబాద్ స్టేట్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. కరీంనగర్ జిల్లా పోయి 2016లో భూపాలపల్లి జిల్లా. ఇన్ని మార్పుల్లోనూ పిల్లనిచ్చుకునేది, పిల్లను తెచ్చుకునేది మాత్రం ఏటి అవతలి నుంచే.

కాళేశ్వరంలో దిగగానే కొబ్బరికాయల దగ్గర చిరాకేసింది. హనుమకొండలో కొన్న ధరకు రెట్టింపు చెప్పి, పువ్వులు కూడా తీసుకుంటేనే కాయ ఇస్తానన్నాడు. అవ్వ నా చెయ్యి పట్టి లాగి, "కాయ లేకుంటే దేవుడు లోపలికి రానియ్యడా, నడువు," అంది.

వెయ్యి స్తంభాల గుడి చూస్తూ పెరిగిన కళ్ళకు ఇక్కడి గోపురాల రంగులు రుచించవు. పాతగుడిని బాగుచేసి 1982లో కుంభాభిషేకం చేశారు, మళ్ళీ 2025 ఫిబ్రవరిలో చేశారు. ఆ రంగు ఇంకా కొత్తగానే ఉంది. మా దగ్గరి నల్లరాతి నునుపు ఇక్కడ వెతికితే దొరకదు. కానీ గర్భగుడిలో అడుగు పెట్టాక గోపురం ఊసే గుర్తురాదు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ముక్తేశ్వర లింగానికి పైన ముక్కురంధ్రాల్లా రెండు బిలాలు. నా ముందున్న దంపతులు అభిషేకం చేయిస్తున్నారు. అయ్యవారు చెంబుతో నీళ్ళు ఆ బిలాల్లో పోస్తున్నారు. చెంబు తర్వాత చెంబు. పోసిన నీళ్ళు పోసినట్టే లోపలికి దిగిపోతున్నాయి, పైకి పొర్లడం లేదు. ఆ నీళ్ళు భూమిలోపలి దారిన సంగమానికి చేరతాయని నమ్మకం. వెనకట ఒక వైశ్యుడు వందల బిందెల పాలు పోయిస్తే ఆ పాలు ఏటి దగ్గర కనబడ్డాయని కథ. ఇంకా దగ్గరికి వంగి చూద్దామంటే వెనకనుంచి జనం తోసేశారు.

పూజ ముందు కాలుడికి, తర్వాత ముక్తేశ్వరుడికి. శివుడు దర్శనం మాత్రాన అందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. పోయి మొరపెట్టుకుంటే శివుడు తన పక్కన చోటిచ్చి, నిన్ను మొక్కకుండా నన్ను మొక్కినవాణ్ణి నువ్వే తీసుకుపో అన్నాడట. నాకు ఈ కథ చాలా ఇష్టం. చావును గుడి బయట నిలబెట్టలేదు, దేవుడితో సమానంగా కూర్చోబెట్టి ముందు దానికే దండం పెట్టమన్నారు. అవ్వ దీన్ని ఇంకా సూటిగా చెప్పింది: "ఎవనికి భయపడ్తమో ముందుగాల ఆనికే మొక్కాలె." మోకాళ్ళ నొప్పులతోనే యమకోణం అనే ఇరుకు దారి దగ్గర వంగి, బిడ్డ వద్దంటున్నా వినకుండా అందులో దూరి అవతలికి వచ్చింది.

శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం కలిపి త్రిలింగ క్షేత్రాలంటారు. ఈ మూడింటి మధ్యదే తెలుగు నేల అని పెద్దలు చెప్పిన లెక్క. ఆ లెక్కన కాళేశ్వరం ఉత్తరపు పొలిమేర. పొలిమేర అవతల కూడా తెలుగే వినబడుతుందని ఘాట్ దగ్గరికి పోతే తెలుస్తుంది.

మెట్ల మీద నిలబడితే మూడు ఒడ్లు కనిపిస్తాయి. ఇటు మనం. ఎదురుగా, గోదావరికీ ప్రాణహితకూ మధ్య, అర్జునగుట్ట ఉన్న మంచిర్యాల జిల్లా. ప్రాణహిత అవతల సిరోంచ. ఎండాకాలంలో వస్తే పైనుంచి వచ్చే గోదావరిలో ఇసుకే ఎక్కువ. వార్ధా, వైన్‌గంగ నీళ్ళు మోసుకొచ్చే ప్రాణహితే ఇక్కడ గోదావరికి ప్రాణం. ఇప్పుడు రెండూ ఎర్రగా, నిండుగా ఉన్నాయి. మూడోది సరస్వతి, అంతర్వాహిని. ఆమె పుష్కరాలు 2025 మే నెలలోనే అయ్యాయి, ఘాట్ దగ్గర విగ్రహం పెట్టారు. ప్రాణహిత పుష్కరాలు 2022 ఏప్రిల్‌లో. అప్పుడు ఈ మూడు ఒడ్లలోనూ స్నానాలు చేశారు.

అవ్వ కొడుకు సిరోంచ నుంచి బండి మీద వచ్చాడు, వెంట పదేళ్ళ పిల్లాడు. తండ్రి పోయిన తర్వాత వచ్చిన మొదటి పెత్రమాస కాబట్టి ముందే వచ్చి బియ్యం ఇచ్చి, తర్పణం వదలాలని. పిల్లాడు చదివేది మరాఠీ బడిలో. తెలుగు గలగలా మాట్లాడుతున్నాడు, గుడి బోర్డు మీది అక్షరాలు మాత్రం వాళ్ళ మేనత్తే చదివి చెప్పాలి.

పంతులుగారు దర్భ ఉంగరం తొడిగి సంకల్పం చెప్పించారు. "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే..." కొడుకు అంటున్నాడు, వెనక పిల్లాడు కూడా అంటున్నాడు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో విన్న మాటలే, ఎప్పుడూ మనసు పెట్టలేదు. పోయినవాళ్ళకు మనం ఎక్కడున్నామో చెప్పే చిరునామా అది. అందులో ఒక కొండ, రెండు నదులు. పొద్దున బస్సులో చెల్లని కార్డు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అడిగారు. ముత్తాత పేరు కొడుక్కు రాలేదు. అవ్వ మెట్టు మీద కూర్చునే అందించింది.

భోజనానికి రమ్మని పట్టుబట్టారు. ఆటోలో వంతెన దాటాం. గోడ మీద మరాఠీ క్యాలెండరు, వంటింట్లో మా ఇంటి వాసన. పెద్దలకు పెట్టిన రోజు కాబట్టి వడలు, పరమాన్నం, గుమ్మడికాయ పులుసు, జొన్నరొట్టె. ఆ పులుసు నేను ఇంతవరకూ ఎక్కడా తినలేదంటే అతిశయోక్తి కాదు, బెల్లం పడీ పడనట్టు ఉంది. జిల్లా కేంద్రం గడ్చిరోలి వాళ్ళకు రెండొందల కిలోమీటర్ల పైన. అందుకే జబ్బు చేస్తే వరంగల్, మంచిర్యాల. అవ్వ భర్తను కూడా వరంగల్‌కే తెచ్చారట, అక్కడే పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో అతను దారి పొడుగునా బ్యారేజీ వెనక నీళ్ళ గురించే చెప్పాడు. వాళ్ళ చిన్నాయన చేను మునిగింది, ఒడ్డు కోసుకుపోయింది. "మీ తానేమో నీళ్ళు రాలేదని లొల్లి, మా తాన నీళ్ళొచ్చినయని లొల్లి," అన్నాడు. హైదరాబాద్ టీవీ చర్చల్లో ఈ రెండో ఒడ్డు మాట నేనెప్పుడూ వినలేదు. వినాల్సిన మాట.

హనుమకొండ బస్సు అప్పటికే నిండిపోయి ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పుడు వచ్చేవాళ్ళలో సగం మంది ఇలాంటి అవ్వలే. ఘాట్ మీద నీడ లేదు, ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకోవడానికి నాకు కనబడిన గదులు ఏ మూలకూ చాలవు, వంతెన రెండు వైపులా బస్సు కోసం నిలబడేది రోడ్డు మీదే. కట్టేవాళ్ళు కాంక్రీటు కొంచెం తగ్గించి, కప్పు వేసిన బస్టాపులు, నాలుగు గదులు ఇప్పటి నుంచే కట్టాలి. ఆ పుష్కరాల పన్నెండు రోజులకైనా, ఏ రాష్ట్రం కార్డు చూపించినా సిరోంచ ఆడవాళ్ళను ఉచితంగా ఎక్కనివ్వాలి.