సంత్రా రసం, కొత్తిమీర, చిటికెడు ఆవపొడి

చలికాలం వచ్చిందంటే మా బల్లార్షా బజారు నిండా నాగపూర్ సంత్రాలే. ఈసారి వాటి రసంతో కీరా, క్యారెట్ సలాడ్‌కు డ్రెస్సింగ్ చేశాను. సంత్రా ఒక్కటే అయితే తీపి ఎక్కువ, అందుకే సగానికి సగం నిమ్మరసం. పులుపు ఒక వంతుకు నూనె మూడు వంతులు అంటారు గానీ, నా నాలుకకు రెండే చాలు. మూత బిగించిన సీసాలో ఆవపొడి కూడా వేసి బాగా గిలకొడితే, నూనె, రసం కాసేపు విడిపోకుండా చిక్కగా కలిసి ఉంటాయి. తొక్క పైపొర మాత్రమే తురమాలి, లోపలి తెల్లపొర చేదు. పుదీనా, కొత్తిమీర వడ్డించే ముందే కలపాలి. పులుపులో నానితే ఆకుపచ్చ రంగు మారిపోతుంది.

మా అత్తయ్య రుచి చూసి, "బాగుందమ్మా, పోపు ఎప్పుడు పెడతావు?" అన్నారు.

పెట్టాను. ఇంకా బాగుంది!