లెక్కకొచ్చే పుషప్పులే చేయాలి: అమెరికా ఆర్మీ ఏఎఫ్‌టీకి తయారయ్యేవాళ్ల కోసం

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఒక అంకె తిరుగుతూ ఉంటుంది: 17 నుంచి 21 ఏళ్ల కుర్రాడు రెండు నిమిషాల్లో 71 పుషప్స్ తీస్తే వందకి వంద, 42 తీస్తే 60 మార్కులు అని. అది ఏపీఎఫ్‌టీ లెక్క, అంటే అమెరికా ఆర్మీ పాత శారీరక పరీక్షది. ఇప్పుడు దాన్ని పట్టుకుని తయారైతే మోసపోతారు. మారింది అంకె ఒక్కటే కాదు, పుషప్పే మారిపోయింది.

అమెరికా ఆర్మీలో 2025 జూన్ 1 నుంచి నడుస్తున్నది ఏఎఫ్‌టీ, అంటే ఆర్మీ ఫిట్‌నెస్ టెస్ట్. ఈవెంట్లు అయిదు: డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు ఎత్తడం), హ్యాండ్ రిలీజ్ పుషప్స్ (ప్రతిసారీ నేల మీద చేతులు వదిలి చేసేవి), స్ప్రింట్-డ్రాగ్-క్యారీ (పరుగు, బరువు ఈడ్వడం, మోయడం), ప్లాంక్ (మోచేతుల మీద శరీరాన్ని నిటారుగా నిలిపి ఉంచడం), రెండు మైళ్ల పరుగు. ఒక్కోదానికి 100 మార్కులు, ప్రతి దాంట్లో కనీసం 60 రావాలి. మామూలు ప్రమాణానికి మొత్తం 300 చాలు. పోరాట విభాగాల్లోని నిర్దేశిత ఉద్యోగాలకు 350 కావాలి, అక్కడ ఆడ, మగ అందరికీ ఒకటే పట్టిక, వయసు తేడా మాత్రం ఉంటుంది. పరుగులో 100 కొట్టినా పుషప్స్‌లో 59 దగ్గర ఆగితే టెస్ట్ పోయినట్టే. అందుకని ముందు మీ వయసు వరసలో 60కి ఎన్ని కావాలో తాజా అధికారిక పట్టికలో చూసుకుని, దానికి అయిదారు ఎక్కువగా లక్ష్యం పెట్టుకోండి. ఆ అయిదారూ గ్రేడర్ (పక్కన నిలబడి లెక్కపెట్టేవాడు) కొట్టేసే రెప్స్ కోసం; రెప్ అంటే ఒక్క పూర్తి పుషప్.

ఎందుకు కొట్టేస్తారో తెలియాలంటే ఒక్క రెప్‌ని దగ్గరగా చూడాలి. బోర్లా పడుకుని మొదలుపెట్టాలి. ఛాతీ, నడుము ముందు భాగం, తొడలు నేలకి ఆనాలి. చూపుడువేళ్లు భుజాల బయటి అంచు దాటకూడదు. పాదాలు దగ్గరగా, లేదంటే ఒక బూటు వెడల్పు ఎడంగా. అక్కడి నుంచి శరీరం మొత్తం ఒక్క ముక్కగా లేవాలి, మోచేతులు పూర్తిగా నిటారు కావాలి. మళ్లీ నేలకి దిగి, చేతులు రెండూ పక్కలకి పూర్తిగా చాపి, వెనక్కి తెచ్చి భుజాల కింద పెట్టుకోవాలి. అప్పటికి ఒకటి.

అసలు చిక్కు నేల మీదే ఉంది. పాత పుషప్‌లో కిందికి దిగిన ఊపే పైకి సాయపడేది. ఇక్కడ చేతులు చాపేసరికి ఆ ఊపు చచ్చిపోతుంది, ప్రతి రెప్ సున్నా నుంచి ఎత్తాలి. భారం ట్రైసెప్స్ (పై చేయి వెనక కండరాలు) మీదా పొట్ట కండరాల మీదా పడుతుంది. అలసట మొదలవగానే ఛాతీ ముందు లేచి, తొడలు నేలకే అతుక్కుని ఉండిపోతాయి. ఆ రెప్ లెక్కలోకి రాదు. రెండో పెద్ద తప్పు, మోచేతులు కొద్దిగా వంగి ఉండగానే దిగిపోవడం. మూడోది తొందరలో చేతులు సగమే చాపడం. నేల మీద పడుకుని ఊపిరి తీసుకుంటే, మోకాలు ఆనిస్తే ఈవెంట్ అక్కడితో ముగుస్తుంది. విశ్రాంతి కావాలంటే చేతులు నిటారుగా పెట్టిన పై భంగిమలోనే. ఆ విశ్రాంతి కూడా చేతులు వణకడం మొదలయ్యాక కాదు, అంతకు ముందే రెండు మూడు ఊపిర్లు తీసుకోవాలి. వణుకు వచ్చాక తీసుకున్న విరామం మిమ్మల్ని నిలబెట్టదు.

వేగం లెక్క తేలికే. ఈ ఈవెంట్‌కీ సమయం రెండు నిమిషాలే, ఆ 120 సెకన్లలో 40 తీయాలంటే ఒక్కోదానికి 3 సెకన్లు. చాలామంది మొదటి అర నిమిషంలోనే 20 లాగేసి, రెండో నిమిషమంతా పై భంగిమలో వేలాడుతుంటారు. 40 లక్ష్యమైతే మొదటి నిమిషానికి 23 లేక 24 దగ్గర ఉండండి, మిగతావి రెండో నిమిషానికి వదలండి.

సాధన వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. మీ గరిష్ఠం 24 అనుకుందాం. మొదటి రోజు 12 చొప్పున అయిదు సెట్లు, మధ్యలో 90 సెకన్ల విరామం. వారం వారం సెట్‌కి ఒక రెప్ పెంచండి, లేదా విరామంలో 10 సెకన్లు తగ్గించండి. రెండో రోజు, ప్రతి నిమిషం మొదట్లో 7 చొప్పున పది నిమిషాలు. ఏడో నిమిషానికే తొడలు వెనకబడుతుంటే 6కి దించండి, తప్పుడు రెప్స్‌తో పది నిమిషాలు పూర్తిచేయడం కంటే అదే మేలు. మూడో రోజు అన్నిటికంటే ముఖ్యం: బరువైన డెడ్‌లిఫ్ట్ చేసి, కొద్ది నిమిషాలు ఆగి, అప్పుడు రెండు నిమిషాల సెట్. టెస్ట్‌లో పుషప్స్ డెడ్‌లిఫ్ట్ తర్వాతే వస్తాయి, నడుము అప్పటికే అలసి ఉంటుంది. తాజా శరీరంతో తీసిన 40 ఆ రోజు 40గా మిగలకపోవచ్చు. పూర్తి బలంతో కొలుచుకోవడం రెండు వారాలకోసారి చాలు, రోజూ గరిష్ఠం కొడితే మోచేతులు నొప్పెట్టి వెనక్కి పోతారు.

పదైనా రానివాళ్లు మోకాళ్ల మీద పుషప్స్‌తో కాలం గడపొద్దు. అందులో నడుము, తొడలు నిటారుగా నిలబెట్టే పని అలవడదు. చేతులు బెంచీ మీద పెట్టి నిటారు శరీరంతో చేయండి, బలం వచ్చేకొద్దీ ఎత్తు తగ్గించండి. దాంతో పాటు నేల మీద నాలుగైదు సెకన్లు తీసుకుని నెమ్మదిగా దిగే రెప్స్ అయిదు. చేతులు దగ్గరగా పెట్టి చేసే పుషప్స్ ట్రైసెప్స్‌కి పనికొస్తాయి. బోర్లా పడుకుని, పక్కలకి చాచిన చేతులు ఎత్తి దించడం 15 చొప్పున రెండు సెట్లు కలపండి. చేతులు చాపే ప్రతిసారీ పనిచేసేది భుజం వెనక కండరమే, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

టెస్ట్‌కి ముందు అయిదు రోజులు గరిష్ఠం జోలికి పోవద్దు, చివరి రెండు రోజులు పుషప్స్ అసలే వద్దు. అంతకు ముందు వారాల్లో మాత్రం ప్రతి పూర్తి సెట్‌నీ ఫోన్ నేల మీద పక్కన పెట్టి వీడియో తీయండి. చూసేటప్పుడు తొడలు ఛాతీతో పాటే లేస్తున్నాయా, పైన మోచేతులు నిటారు అవుతున్నాయా, కింద చేతులు పూర్తిగా చాపుతున్నారా అన్నవి చూసి, వీటిలో ఏది తప్పినా ఆ రెప్ కొట్టేసి, మిగిలిన అంకెనే నోట్‌బుక్‌లో రాసుకోండి.