పిసినారి చెయ్యి ఎవరి దగ్గర ముడుచుకుంటుంది?

పిసినారుల కథలు చెప్పుకొని నవ్వుకోవడం మనకు బాగా అలవాటు. ఏ దావత్‌లో నలుగురు కూర్చున్నా ఎంగిలి చేత్తో కాకిని తోలని చిన్నాయిన ఒకరు, పెట్రోల్ బంకు రాగానే ఫోన్ చెవికి పెట్టుకొని పక్కకు పోయే దోస్తు ఒకరు మాటల్లోకి వచ్చేస్తారు. నాకు మాత్రం ఈ మధ్య ఆ నవ్వు రావడం లేదు. చుట్టాల్లో, ఆఫీసులో, ఫ్రెండ్స్‌లో చాలా రోజులుగా గమనిస్తున్నా, పిసినారి అని పేరు పడ్డ మనిషి అందరి దగ్గరా పిసినారిగా ఉండడు. బట్టల షోరూంలో ఉండడు, వియ్యంకుల ముందు అసలే ఉండడు. తిరిగి గట్టిగా అడగలేని మనిషి ఎదురుపడ్డప్పుడే అతని చెయ్యి ముడుచుకుంటుంది. అందుకే నాకు కోపం.

పొదుపుగా బతికేవాళ్లను నేనేమీ అనడం లేదు, అది ముందే చెప్తున్నా. మా బాపమ్మ అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించేది, పాత చీరలన్నీ కలిపి బొంతలు కుట్టించేది, చెప్పు తెగితే కుట్టించి కుట్టించి ఇక కుట్టడానికి తోలు లేనప్పుడే కొత్తవి కొనేది. అదే బాపమ్మ, పొలం పనికి వచ్చిన వాళ్లకు వడ్లు కొలిచేటప్పుడు మానిక నిండాక పైన ఇంకో దోసెడు పోసేది. పత్తి ఏరే ఆడవాళ్లకు రెండు పూటలా చాయ్ ఇంట్లోంచే పోయేది. ఆమె మిగిల్చుకున్నదంతా తన తిండిలో, తన బట్టలో. కూలికి వచ్చినామె గిన్నెలో కోత పెట్టి కూడబెట్టింది ఒక్క గింజ లేదు. కాబట్టి ఆమెను ఎవరన్నా పిసినారి అంటే నేను ఊరుకోను.

ఇక పెళ్లి కట్నాల బుక్కు, అంటే పెళ్లికి వచ్చినవాళ్లు చదివించే పైసలు రాసే బుక్కు సంగతి. పందిట్లో ఒక పక్కన టేబుల్ వేసి, మంచి చేతిరాత ఉన్న చుట్టం ఒకరిని కూర్చోబెట్టి, ఫలానా ఊరు, ఫలానా పేరు, ఇంత అని రాయిస్తారు కదా. ఇప్పుడు కొందరు దాన్ని చూసి ఇదేం పద్ధతి అంటున్నారు గానీ నాకు అందులో చాలా తెలివి కనిపిస్తుంది. పెళ్లి ఖర్చు ఒక్కసారిగా మీద పడ్డ ఇంటికి ఊరంతా కలిసి వడ్డీ లేకుండా తలా కొంత సర్దుతారు, వాళ్లింట్లో పెళ్లి జరిగినప్పుడు ఈ ఇల్లు తిరిగి సర్దుతుంది. ఎవరూ ప్రామిసరీ నోటు రాయరు, ఎవరూ నోటీసు పంపరు, ఉన్నది ఆ బుక్కు ఒక్కటే. మరి ఇదంతా నిలబడాలంటే ఇచ్చేవాడి మనసు సరిగ్గా ఉండాలి. మా చుట్టాల్లో ఒకాయన, హన్మకొండలో సొంత బిల్డింగు, కింద మూడు షట్టర్లు కిరాయికి, మా తమ్ముడి పెళ్లికి వచ్చి 516 రూపాయలు రాయించాడు. ఎందుకంత అని ఎవరూ అడగలేదు, తనే చెప్పుకున్నాడు, 2004లో వాళ్ల పెద్దబ్బాయి పెళ్లికి మా బాపు రాయించింది 516 అట, పాత బుక్కు తీసి చూసుకొని మరీ వచ్చాడట, లెక్క సరిపోయింది కదా అన్నాడు. 2004లో తులం బంగారం ఆరు వేల దగ్గర ఉండేది. 2024లో డెబ్బై వేలు దాటింది. షట్టర్ల కిరాయి ఆయన 2004 రేటుకే తీసుకుంటున్నాడా? కిరాయి ఏటా పెంచుకోవడం తెలిసిన మనిషికి ఈ లెక్క తెలియదంటే నేను నమ్మను. మా బాపు మొహమాటస్తుడు, ఏమీ అనడని తెలుసు, అంతే.

అదే పెళ్లికి మెట్‌పల్లి నుంచి మా అమ్మకు వరుసకు చెల్లెలైన చిన్నమ్మ వచ్చింది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను చదివించిన మనిషి, వేళ్ల చివర్లు గట్టిపడిపోయి ఉంటాయి, రెండు బస్సులు మారి వచ్చింది. కొత్త కోడలికి చీర పెట్టి, రెండు వేలు రాయించింది. అమ్మ వద్దు వద్దంటుంటే, "నా పెద్దబిడ్డ పెండ్లికి బావ పైసలిస్తేనే కదా అక్కా వంటోళ్లకు బయానా ఇచ్చిన" అంది. నిజానికి ఆమె 116 ఇచ్చినా మేం కళ్లకద్దుకునేవాళ్లం. ఎవరి తాహతు వాళ్లది, అందులో తప్పు పట్టేది ఏముంది? ఉండి కూడా పాత అంకె వెనక దాక్కునే వాళ్ల మీదే నా బాధ.

ఫ్రెండ్స్‌లో చాయ్ బిల్లు ఎగ్గొట్టేవాళ్ల గురించి నేను పెద్దగా రాయను, సమానమైన వాళ్ల మధ్య అది నడుస్తుంది, మొహం మీదే తిట్టొచ్చు. తిట్టలేని మనిషి దగ్గర మావాళ్లు ఎట్లా ఉంటారో పోయిన వానాకాలం చూశా. బండి కిరాయికి మాట్లాడుకొని రామప్ప గుడికి, అక్కడి నుంచి లక్నవరం చెరువుకు పోయాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారం పూట రామప్పలో జనం బాగా ఉంటున్నారు, అక్కడే ఆలస్యమై, మేం తినడానికి ఆగేసరికి మూడు దాటింది. డ్రైవర్ పొద్దున ఐదింటికి ఇంట్లోంచి బయలుదేరిన మనిషి. అందరం లోపల కూర్చున్నాక అతన్ని పిలుద్దామని నేనంటే, మాలో ఒకరు, నెలకు లక్ష పైన జీతం తీసుకునే మనిషి, "బత్తా ఇస్తున్నం కదా, భోజనం అందులోదే" అన్నారు. ఈ మాట చాలామంది అంటారు. బండి కిరాయి ఓనర్‌కు పోతుంది, డ్రైవర్ ఆ రోజు ఇంటికి పట్టుకెళ్లేది ఎక్కువగా ఆ బత్తానే, అంటే రోజుకు ఇంతని అతనికి విడిగా ఇచ్చే డబ్బే, అందులోంచి మనం ఆగిన హోటల్ రేటుకు భోజనం చేస్తే అతనికి ఇంక మిగిలేదేమిటి? నేను బయటికి పోయి పిలిచా. "తిన్న మేడమ్" అన్నాడు. తినలేదని లోపల కూర్చున్న అందరికీ తెలుసు. ఒక్క ప్లేటు భోజనం, తొమ్మిది మంది పంచుకుంటే మనిషికి ఇరవై రూపాయలు కూడా పడదు. ఐస్‌క్రీమ్‌కు ఎవరూ లెక్క అడగలేదు.

ఆఫీసులోనూ ఇదే. మా దగ్గర అటెండర్‌గా పనిచేసే అబ్బాయి ఔట్‌సోర్సింగ్, జీతం తక్కువ, అదీ టైముకు రాదు. టిఫిన్‌కు, జిరాక్స్‌కు, ఒక్కోసారి పిల్లల స్కూల్ ఫీజు కట్టడానికి కూడా మావాళ్లు అతన్నే పంపుతారు, అతను తన బండి మీద, తన పెట్రోల్‌తో నక్కలగుట్ట నుంచి చౌరస్తా దాకా తిరిగొస్తాడు. దోశ ధర రూపాయితో సహా లెక్కపెట్టి ఇచ్చే సార్లు పెట్రోల్ సంగతి తలవరు, చిల్లర మిగిలితే మాత్రం "పది రూపాయలు రావాలి కదా" అని గుర్తుచేస్తారు. ఇది చెప్తే ఒక సార్ నాతో, అలవాటు చేస్తే రోజూ అడుగుతారు అన్నారు. అతను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలేదు సార్, మీరు రోజూ పంపుతున్నారు అన్నాను. ఆ తర్వాత మేం కొందరం కలిసి నెల మొదట్లోనే అతని బండికి పెట్రోల్ పోయించడం మొదలుపెట్టాం. తలా యాభై రూపాయల పని.

ఇప్పుడు నా మనసులో అసలు ఉన్న విషయానికి వస్తా, రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. మా మేనమామ. హసన్‌పర్తి దాటాక ఉంటుంది అమ్మమ్మోళ్ల ఊరు. తాత చనిపోయాక భూమి విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, చేయించుకునేటప్పుడు వారసులందరి సంతకాలు కావాలంటే అమ్మ, పెద్దమ్మ ఇద్దరూ ఒక్క మాట అడగకుండా తమ్ముడి పేరు మీదికి పెట్టేశారు. రోడ్డు పక్క భూమి, ఇప్పుడు దాని ధర చెప్తే ఎవరైనా ఒకసారి ఆగి వింటారు. అప్పుడు అందరూ అన్నదేమిటంటే, ఆడబిడ్డలకు భూమి ఎందుకు, పెట్టుపోతలు జీవితాంతం ఉంటాయి కదా అని. మరి ఆ పెట్టుపోతలు ఎక్కడున్నాయి? ఒడిబియ్యం పోసి ఎన్నేళ్లయిందో అమ్మకే గుర్తు లేదు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఒక చీర, జాకెట్ ముక్క, ఇంతే కదా కావలసింది, అడిగితే అత్త "ఈ కాలంలో ఎవరు పోస్తున్నరు" అంటుంది. బతుకమ్మ పండుగకు ముందు తమ్ముడే వచ్చి అక్కను పుట్టింటికి తీసుకుపోయేవాడు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఫోన్‌లోనే "బస్సు ఫ్రీనే కదక్కా, నువ్వే రారాదు" అంటున్నాడు. చార్జీ మిగిలిందని అమ్మ సంతోషపడాలా? ఆమె ఎదురుచూసేది తమ్ముడు గడపలోకి వచ్చి "పోదాం దా అక్కా" అనడానికి. అదే మనిషి మేడారం జాతరలో నిలువెత్తు బంగారం అని తన బరువుకు సరిపడా బెల్లం తూకం వేయించాడు, బిడ్డ పెళ్లి కన్వెన్షన్ హాల్లో చేశాడు. అమ్మవార్లకు మొక్కు తీర్చుకోవడం మంచిదే, నేనూ తీర్చుకుంటా. పెట్టే చెయ్యి అతనికి ఉందనే నేను చెప్పేది.

అమ్మ ఎందుకు అడగదో నాకు తెలుసు. వాటా అడిగిన ఆడబిడ్డకు పుట్టింటి తలుపు మూసుకుంటుందని మన దగ్గర ప్రతి ఆడమనిషికీ భయం, మామ లాంటి వాళ్ల పొదుపంతా ఆ భయం మీదే నడుస్తుంది. చట్టం మాత్రం ఎప్పటి నుంచో స్పష్టంగా ఉంది. తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. తాతముత్తాతల ఉమ్మడి ఆస్తిలో అయితే 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో చట్టం సవరించింది గానీ అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ హక్కు వచ్చింది, ఆ తేదీ నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ చెప్తే అమ్మ వింటుంది, విని "తమ్ముని మీద కేసు వెయ్యమంటవా బిడ్డా" అంటుంది. వెయ్యమనడం లేదమ్మా. నువ్వు ఇచ్చింది ఎంతో వాళ్లకు తెలియాలి, కనీసం నీకైనా తెలియాలి అంటున్నా.

ఊళ్లో ఇల్లు ఇంకా తాత పేరు మీదే ఉంది. దానికి కూడా సంతకాలు కావాలని మొన్న మామ ఫోన్ చేశాడు, ఆధార్ కార్డు పట్టుకొని వచ్చే వారం రమ్మన్నాడు, బస్సు ఫ్రీ అని ఈసారి కూడా మర్చిపోకుండా చెప్పాడు. పెద్దమ్మతో కూడా మాట్లాడా. ముగ్గురం కలిసే పోతున్నాం. కాగితంలో ఏముందో పూర్తిగా చదివేదాకా, ఆ ఇంటి విలువ ఎంతో, అక్కలకు ఏం ఇస్తాడో మామ తన నోటితో అందరి ముందు చెప్పేదాకా ఇద్దరూ సంతకం పెట్టరు. అమ్మ ఒప్పుకుంది.