ఆర్రూపాయల కడెం

మా బాపమ్మ వెండి కడియాల్లో ఒకటే మిగిలింది. రెండోది నేను పుట్టకముందే, పొలంలో బావి తవ్వించినప్పుడు అమ్మేశారట. పోయిన ఏడాది జూన్‌లో అమ్మ బీరువా సర్దుతూ ఆ ఒక్కదాన్ని నా చేతిలో పెట్టింది. దీనికి జత నేనే చేయాలని ఆ రోజే అనుకున్నాను. ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఆఫీసు లేని ఆదివారాల్లో, హన్మకొండలో మా ఇంటి వెనక వరండాలో చేసిన పని ఇది. నోట్‌బుక్‌లో తేదీలవారీగా రాసుకున్నదాంట్లోంచి, ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు పనికొచ్చేది ఇక్కడ పెడుతున్నాను.

ముందు కడియం కొలతలు. రెండు లావు తీగల్ని కలిపి మెలిపెట్టి, రెండు కొసలకూ పలకలు తీర్చిన గుండ్లు అతికారు. తీగ మందం వెర్నియర్‌తో కొలిస్తే ఒకచోట 3.9, ఇంకోచోట 4.1 మిల్లీమీటర్లు. చేత్తో సాగదీసిన తీగ కదా, అంతటా ఒకేలా ఉండదు. లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లు, అంటే గాజుల షాపులో టూ ఫోర్ అంటారే, ఆ సైజు. (టూ ఫోర్ అంటే రెండు అంగుళాలూ, ఇంకో అంగుళంలో పదహారో వంతులు నాలుగూ. ఈ లెక్క తెలిశాక గాజు సైజులన్నీ సులువుగా అర్థమయ్యాయి.) మెలికలు తొమ్మిది. బరువు 64.20 గ్రాములు.

మొదటి మూడు నెలలు వెండి జోలికి పోలేదు. ఇప్పుడున్న ధరలో వెండి మీద నేర్చుకోవడం నావల్ల కాదు. కరెంటు సామాన్ల షాపులో ఎర్తింగ్ కోసం అమ్మే 8 నంబరు రాగి తీగ 4 మిల్లీమీటర్లకు పిసరంత ఎక్కువ మందం ఉంటుంది. మీటరుకు దాదాపు 116 గ్రాములు తూగుతుంది. దానిమీద పూత ఏమీ ఉండదు కాబట్టి భయం లేకుండా కాల్చుకోవచ్చు. మోటారు చుట్టే రాగి తీగ మాత్రం వద్దు. దానిమీద వార్నిష్ పూత ఉంటుంది, కాలిస్తే వచ్చే పొగ మంచిది కాదు.

సామాను పెద్దగా కొనలేదు. వైస్, చిన్న సుత్తి, రెండు ఆకురాళ్ళు, రంపపు ఫ్రేమూ బ్లేడ్లూ, గ్యాస్ టార్చ్, కాల్చడానికి నిప్పు ఇటుకలు రెండు, శ్రావణం (పట్టకారు), వెలిగారం (అతికేటప్పుడు చల్లే బోరాక్స్). తీగను గుండ్రంగా వంచడానికి గుండ్రటి కొయ్య ఒకటి కావాలని షాపులన్నీ తిరిగాను. చివరికి మా ఇంట్లో రోకలి చుట్టూ టేపు పెట్టి చూస్తే 18 సెంటీమీటర్లు వచ్చింది. చుట్టుకొలత 18 అంటే వ్యాసం 57 మిల్లీమీటర్లు. ఆ రోకలి బాపమ్మదే.

కాల్చేటప్పుడు నైలాన్ చీర, చున్నీ వద్దు. కాటన్ బట్టలు, ముడిచిన జుట్టు, కళ్ళద్దాలు, పక్కన బకెట్ నీళ్ళు. కిటికీ తెరిచే ఉండాలి. టంకం (కరిగించి అతుకు వేసే లోహం) కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనా అని అడిగి తీసుకోండి. బంగారం షాపుల్లో కేడీఎం అనే మాట వచ్చింది ఈ కాడ్మియం నుంచే. దాని పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, ఆ పొగ పీల్చింది నగ పెట్టుకున్నవాళ్ళు కాదు, చేసినవాళ్ళు.

మెలిపెట్టడం చూడటానికి తేలిక. మొదటిసారి రెండు తీగల్నీ వైస్‌లో బిగించి తిప్పితే నాలుగో మెలిక దగ్గర చేతుల్లో బలం చాలలేదు, ఐదో మెలికకు ఒక తీగ మీద చీలిక వచ్చింది. లోహాన్ని వంచేకొద్దీ, కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మళ్ళీ కాల్చి మెత్తబరచాలి. ఎంత కాల్చాలో కంటికి తెలియక చాలా తీగ పాడుచేశాను. ఇప్పుడు చేస్తున్నది ఇది: తీగ మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి, చీకటి పడ్డాక కాలుస్తాను. గీత చెరిగిపోయి, తీగ మసక ఎరుపుకు రాగానే మంట తీసేస్తాను. రాగినైతే వెంటనే నీళ్ళలో వేయొచ్చు. 92.5 వెండినైతే (నూటికి 92.5 వంతులు వెండి, మిగతాది రాగి) ఆ ఎరుపు పోయేదాకా ఆగి అప్పుడు వేయాలి. మూడు మెలికలకోసారి కాలిస్తే తొమ్మిదీ హాయిగా పడతాయి.

సెప్టెంబర్‌లో చెల్లికి మట్టెలు చేశాను, నా మొదటి వెండి పని అదే. అతుకు అవసరం లేని చుట్టు మట్టెలు. 1.6 మిల్లీమీటర్ల తీగ, లోపలి వ్యాసం 15, రెండున్నర చుట్లు. తీగ ఎంత కావాలో లెక్క సులువు: లోపలి వ్యాసానికి తీగ మందం కలిపి 3.14తో గుణిస్తే ఒక చుట్టు పొడవు వస్తుంది. మందం కలపడం మరిచిపోతే ఉంగరం బిగుతైపోతుంది, నాకు రెండుసార్లు అయింది. ఒక్కో మట్టెకు 13 సెంటీమీటర్లు పట్టింది, బరువు 2.7 గ్రాములు. ఉంగరాలకైతే ఇంకో చిట్కా ఉంది. మన దగ్గర షాపుల్లో చెప్పే ఉంగరం నంబరుకు 40 కలిపితే లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో దాదాపుగా వస్తుంది. 14 నంబరంటే 54.

ఆ మట్టెలు కాల్చాక నల్లబడ్డాయి. నలుపు పోవడానికి అర లీటరు వేడినీళ్ళలో మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అందులో నానబెడతాను. నీళ్ళు మరగకూడదు, ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకూడదు. పావుగంట తర్వాత ఇనుప శ్రావణంతో తీయబోయాను. చూస్తుండగానే తెల్లటి మట్టెలు గులాబీ రంగుకు తిరిగాయి. అంతకుముందు రాగి ముక్కలు నానిన నీళ్ళవి. అందులో కరిగిన రాగి, ఇనుము తగలగానే వెండి మీదికి చేరింది. చెల్లి శ్రీమంతం మర్నాడే. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్తగా కలిపిన నిమ్మ ఉప్పు నీళ్ళలో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి మళ్ళీ నానబెడితే తెల్లారేసరికి గులాబీ రంగంతా పోయింది. ఇప్పుడు వెదురు పుల్లతోనే తీస్తున్నాను.

అతుకు నేర్పింది మా వీధి చివరి ఔసలి (కంసాలి) తాత. ఎనభై దాటినా కుంపటి ముందు కూర్చుంటాడు. నేను చేసిన అతుకులన్నీ తిప్పి తిప్పి చూసి, "టంకం ఎక్కువేస్తే సందు నిండదు బిడ్డా. ముందు సందు లేకుండ చెయ్యి" అన్నాడు. రెండు ముక్కల్నీ దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్యనుంచి వెలుతురు కనపడకూడదు. కనపడితే మళ్ళీ ఆకురాయి పట్టాలి. గుండు అతికేటప్పుడు టంకమంతా గుండు మీదికి పాకిపోతోందని చెబితే, "మంట ఎటుంటే టంకం అటు ఉరుకుతది. నువ్వు గుండునే కాలుస్తున్నవ్" అన్నాడు. నిజమే. మెలిపెట్టిన కడ్డీ లావుగా ఉంటుంది, వేడెక్కడానికి సమయం పడుతుంది. ముందు దాన్ని వేడి చేసి, చివర్లో మంటను అతుకు మీదికి తేవాలి. అప్పుడు టంకం మెరుస్తూ సందులోకి జారిపోతుంది. ఆ మెరుపు కనపడిన సెకనులో మంట తీయాలి.

ముక్కల్ని కదలకుండా కట్టడానికి సెంట్రింగ్ పనివాళ్ళు వాడే నల్ల బైండింగ్ తీగలో సన్నది తీసుకున్నాను. తెల్లటి జీఐ తీగ వాడొద్దు, దానిమీద జింక్ పూత ఉంటుంది.

నవంబర్‌లో సంతలో ఒక జత పట్టీలు కొన్నాను, పాత వెండి అని చెప్పారు. పని బాగుంది, ధర కొంచెం తక్కువే అనిపించింది. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి నీళ్ళ తూకం వేశాను. నగలు సేకరించేవాళ్ళందరూ ఇది నేర్చుకోవాలి, రాయి మీద గీయకుండా, ఆసిడ్ లేకుండా అయిపోతుంది. 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా చాలు. నగను మామూలుగా తూచాలి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకె సున్నా చేసి, నగను దారంతో నీళ్ళలోకి వేలాడదీయాలి. అడుగుకూ అంచుకూ తగలకూడదు, బుడగలు ఉండకూడదు. అప్పుడు వచ్చిన అంకెతో మొదటి బరువును భాగించాలి. మేలిమి వెండికి 10.49, 92.5 వెండికి 10.36 రావాలి. ఆ పట్టీలకు 8.6 వచ్చింది. రాగి, నికెల్, జింక్ కలిసిన తెల్ల లోహం అయ్యుండాలి, పాత వెండి మాత్రం కాదు. లోపల లక్క నింపిన నగలకూ, బోలు నగలకూ ఈ లెక్క పనిచేయదు.

ఆ రాత్రే బాపమ్మ కడియాన్నీ తూచాను. నీళ్ళలో వచ్చిన అంకె 6.30. భాగిస్తే 10.19. మిగతాది రాగే అనుకుంటే వెండి 82, 83 శాతం దగ్గర. మళ్ళీ మళ్ళీ తూచాను, 6.29కీ 6.31కీ మధ్యే వచ్చింది.

82 అనే అంకె ఎక్కడిదో వారం రోజులు వెతికాను. నిజాం కాలంలో మన దగ్గర నడిచిన హాలీ రూపాయి, చార్మినార్ బొమ్మ ఉండేది, 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. ఇంగ్లీషువాళ్ళ కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అందుకే ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు ఇచ్చేవాళ్ళు. కడియం కల్దార్ రూపాయలతో చేసి ఉంటే నీళ్ళ తూకంలో 6.21 రావాలి. హాలీ అయితే 6.31.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ దాన్ని ఆర్రూపాయల కడెం అనేది. దాని ఖరీదు అంతేనేమో అనుకున్నం ఇన్నాళ్ళు" అన్నాడు. ఆరు హాలీ రూపాయలంటే 67 గ్రాములు. కడియం 64.20. మిగతాది పనిలో పోయిన తరుగు, ఇన్నేళ్ళ అరుగుదల. ఆరు నాణేలు మూసలో కరిగి ఆమె చేతికెక్కాయి. జతకు పన్నెండు.

అంతకుముందు దీన్ని ఒక డిజైన్‌గానే చూశాను. ఆ తర్వాత ప్రతి కొలతా లెక్కగా కనపడటం మొదలైంది. ఒక్కో తీగ 21 సెంటీమీటర్లు కావాలి, వైస్‌లో పట్టుకు రెండు వైపులా 2 చొప్పున కలిపితే 25. అలాంటి రెండు తీగలకే దాదాపు 64 గ్రాములు పోతాయి. గుండ్లకు ఇంకో 10 కావాలి. 67 గ్రాముల్లో ఆనాటి ఔసలి ఎలా సరిపెట్టాడు? ఈ లెక్క రెండు వారాలు కుదరలేదు. తాత ముందు నోట్‌బుక్ పెడితే, నా రాగి కడియం కొసల్ని వేలితో చూపించి, "ఇవి పారేసినవా? ఆయన పారెయ్యలె. కొసలు కరిగించి గుండ్లు పోసిండు" అన్నాడు. ఇంటికొచ్చి కత్తిరించిన కొసల పొడవుతో లెక్క వేశాను. రెండు తీగలవీ కలిపి 10.2 గ్రాములు.

జనవరిలో ఒకసారి కరీంనగర్ వెళ్ళి ఫిలిగ్రీ పని చూసొచ్చాను. 2007లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పని అది. వెంట్రుకల్లాంటి వెండి తీగలు రెండు పేని, చదును చేసి, చుట్టలు చుట్టి ఒక చట్రంలో నింపుతారు. దానిమీద టంకం పొడి, వెలిగారం చల్లి ఒకేసారి కాలుస్తారు. సన్న తీగ కరగకముందే టంకం కరగాలి, ఆ తేడా కొద్ది క్షణాలే. చిన్న నెమలి బ్రోచ్ ఒకటి కొనుక్కున్నాను. నా సేకరణలో కొత్త వస్తువు అదొక్కటే. ఆ పని నేను ఇప్పట్లో చేయలేను, దాన్ని భూతద్దంలో చూస్తూ కూర్చోవడమే నాకు ఇష్టం.

రాగితో మొత్తం మూడు కడియాలు చేశాను. మొదటిది మెలికలో చీలింది. రెండోదానికి గుండ్లు ముందే అతికి తర్వాత రోకలికి వంచితే అతుకు విడిపోయింది. ముందు వంచి, కొసలు చదును చేసి, ఆ తర్వాతే గుండ్లు అతకాలి. మూడోది మార్చిలో పూర్తయింది. కడియం ఘనపరిమాణం నీళ్ళ తూకంలో 6.30 కాబట్టి రాగి నకలు 56.4 గ్రాములు తూగాలి. నాది 57.9. గుండ్లు కొంచెం పెద్దవయ్యాయి. నలుపు కోసం వెండి ముక్క మీద చేసిన ప్రయోగం కూడా కుదిరింది: ఉడికించిన గుడ్డు పచ్చసొన నలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో నగతో పాటు రాత్రంతా ఉంచితే మెలికల సందుల్లోకి నలుపు దిగుతుంది. పైపైన బట్టతో తుడిస్తే గీతలు తేలతాయి. కొత్త కడియం పాతదాని పక్కన కొత్తగా కనపడకుండా ఇది చాలు.

జూలైలో వెండి కొన్నాను. 92.5 తీసుకుంటే సులువే, కానీ రంగు వేరు. పాత కడియం కొంచెం వెచ్చటి తెలుపు. అందుకే మేలిమి వెండి 55.6 గ్రాములు, రాగి 12.4 గ్రాములు, మొత్తం 68. రాగి ఆ ఎర్తింగ్ తీగలోదే. పోయిన ఆదివారం తాత కుంపట్లో మూస పెట్టి కరిగించాం. ముందు రాగి, వెండి వేశాడు, పైన వెలిగారం చల్లాడు, అద్దంలా తేరుకున్నాక నూనె రాసిన అచ్చులో పోయడం నాకే ఇచ్చాడు. చల్లారాక తూచితే 67.6.

కడ్డీని దాగలి (ఇనుప దిమ్మె) మీద కొట్టి, కాల్చి, మళ్ళీ కొట్టి, ఇప్పుడు కమ్మచ్చులోంచి (తీగ సన్నగా సాగదీసే బెజ్జాల పలక) లాగుతున్నాను. బెజ్జం మారినప్పుడల్లా కొసకు ఆకురాయి పట్టి, తేనెమైనం రాసి లాగాలి. ఇవాళ్టికి 4.8 మిల్లీమీటర్లకు వచ్చింది, ఇంకా మూడు బెజ్జాలున్నాయి. నిన్న తాత పాత కడియాన్ని చేతిలో తిప్పి, "ఇది కుడి మెలిక. జత చేసినప్పుడు నేనైతే రెండోది ఎడమకు తిప్పుతుంటి, రెండు చేతులు దగ్గర పెడితే ఎదురెదురు చూస్తయి" అన్నాడు. రాగివి మూడూ నేను కుడికే తిప్పాను. వైస్ పక్కన గోడ మీద సుద్దతో ఎడమకు బాణం గుర్తు వేసి పెట్టుకున్నాను.