సైకిలుకు ముందర మూడు పళ్లచక్రాలు తీసి ఒక్కటే పెట్టుకున్నా

పోయిన వానల్లో కేసీ కాలువ గట్టు దిగి చేల మధ్య బండిదోవలో పోతుంటే నా సైకిలు కదలకుండా నిలబడిపోయింది. గేరు మార్చేటప్పుడు చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే ముందరి డీరైలర్‌లోకి నల్లరేగడి మన్ను దూరి చైనును పట్టేసింది. పుల్లతో గీకినా, సీసాలో నీళ్లన్నీ పోసినా చైను చిన్న చక్రం మీద నుంచి లేవలేదు. నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటూ రోడ్డెక్కా. ముందర మూడు పళ్లచక్రాలు వద్దు, ఒక్కటి చాలని ఆ రోజే తీర్మానించుకున్నా.

నాది 26 అంగుళాల చక్రాల పాత మౌంటెన్ బైకు. ముందర 44, 32, 22 పళ్లు. వెనక తొమ్మిది గేర్లు, 11 నుంచి 32 పళ్ల దాకా. మార్చేది ముందర అయినా లెక్క మాత్రం వెనక నుంచి మొదలుపెట్టాలి. ఈ పనిలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే.

నా కొలత గువ్వలచెరువు ఘాట్. కడప నుంచి రాయచోటి దోవలో ఆ మలుపులు సీటు మీద నుంచి లేవకుండా ఎక్కగలగాలి. లోడు లారీలు ఆనుకుని పోతుంటే సైకిలు అటూ ఇటూ ఊగితే ప్రాణం మీదికొస్తుంది. పాత గేర్లలో అన్నిటికన్నా తేలికైనది ముందర 22, వెనక 32. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం 0.69 చుట్టు, అంటే బండి 1.4 మీటర్లు కదిలేది. ముందర 32 ఒక్కటే పెట్టి వెనక పాత క్యాసెట్టే, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తే, ఉంచితే చుట్టుకు రెండు మీటర్లు దాటుతుంది. ఘాట్‌లో మోకాళ్లు పోతాయి. వెనక 42 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ వేస్తే 0.76 చుట్టు, 1.6 మీటర్లకు కాస్త లోపు. పాతదానికన్నా పదోవంతు ఎక్కువ బరువు తొక్కాలి, అంతవరకు నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనివాళ్లు ముందర 30 పెట్టుకోవచ్చు గానీ, నా క్రాంకుకు, అంటే పెడలు బిగించే చేతికి, పళ్లచక్రాన్ని పట్టే బోల్టుల వలయం అడ్డుకొలత 104 మిల్లీమీటర్లు. దానికి మామూలుగా పట్టే చిన్నది 32. 30 కావాలంటే చక్రంలోనే మరలు కోసిన రకం వెతుక్కోవాలి.

పై గేరు పోయిందని బాధ లేదు. 32కు 11 మీద నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 29 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఎటూ తొక్కను.

సామాను తెప్పించడంలో తప్పు చేశా. హ్యాండిల్ మీద గేరు మార్చే మీట, అదే షిఫ్టర్, పాతదే ఉంచుకుని, పది గేర్ల వెనక డీరైలర్ ఒకటి చవగ్గా దొరికితే కొనేశా. రెండూ షిమానో కంపెనీవే గదా, కలుస్తాయనుకున్నా. కలవలేదు. షిమానో మౌంటెన్ సామానులో తొమ్మిది గేర్ల దాకా ఒక లెక్క, పది నుంచి ఇంకో లెక్క. షిఫ్టర్ ఒక్క నొక్కుకు లాగే వైరుకు డీరైలర్ జరిగే దూరం వేరు. రెండు గేర్లు సరిగ్గా పడితే మూడోది పళ్ల మధ్య గరగరమంటూ ఆగేది. వైరు ఎంత సవరించినా అది కుదిరేది కాదు. ఆఖరికి మైక్రోషిఫ్ట్ వాళ్ల అడ్వెంట్ తీసుకున్నా. తొమ్మిది గేర్ల షిఫ్టర్, డీరైలర్, 11 నుంచి 42 పళ్ల క్యాసెట్, మూడూ ఒకదానికొకటి చేసినవే. డీరైలర్‌లో క్లచ్ ఉంటుంది. గుంతల్లో చైను ఎగిరి కొట్టుకోకుండా అది బిగబట్టి ఉంచుతుంది.

కొనేముందు ఇంకో రెండు చూసుకోవాలి. వెనక ఉన్నది క్యాసెట్టా, హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, మరతో బిగించే ఫ్రీవీలా? ఫ్రీవీలైతే ఈ క్యాసెట్ ఎక్కదు, హబ్బే మార్చాలి. ముందరి చక్రాలు బోల్టులతో ఉన్నాయా, రివెట్లు కొట్టి ఉన్నాయా? రివెట్లైతే క్రాంకు మొత్తం మార్చాల్సిందే.

క్రాంకు ఊడదీయడానికి భాయ్ అంగడికి పోయినా. నా చిన్నప్పటి నుంచి మా ఇంటి సైకిళ్లన్నీ ఆయన చేతి కిందివే.

"మూడూ బాగుండాయి గదా అబ్బీ, ఎందుకు తీపిస్తావు?"

"బురదలో పట్టేస్తాంది భాయ్."

సుత్తి తీశాడు. వద్దని చెప్పి, తెచ్చుకున్న పుల్లర్, క్రాంకును బయటికి లాగే పరికరం, ఇచ్చా. క్రాంకులో మర నిండా ఎండిన మన్నుంది. దాన్ని కిరసనాయిలుతో కడిగి, పుల్లర్‌ను ఆఖరి మర దాకా చేత్తోనే తిప్పి, అప్పుడు పానా వేశాడు. సగం మరకే బిగిస్తే క్రాంకులో మర కొట్టుకుపోతుంది. టక్కుమని ఒక్క శబ్దం, క్రాంకు చేతిలోకి వచ్చింది.

కొత్త చక్రాన్ని మధ్య చక్రం ఉన్న చోటే పెట్టాం. వెనక క్యాసెట్ నడిమికి చైను తిన్నగా పోతుంది. పాత బోల్టులు రెండు చక్రాలను కలిపి పట్టేవి. ఒక్కదానికి పొడవు ఎక్కువై, బిగించినా చక్రం వదులుగా ఆడింది. పొట్టి బోల్టులు వేరేగా అమ్ముతారు, చక్రంతోపాటే తెప్పించుకోండి.

ఈ చక్రం పళ్లు ఒకటి లావు, ఒకటి సన్నం. చైనులో లింకులు కూడా ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు కాబట్టి ప్రతి పన్నూ దాని సందులో నిండుగా కూర్చుంటుంది. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్1తో తెచ్చిన పద్ధతి ఇది. భాయ్ మొదట ఒక పన్ను తేడాగా వేశాడు. చైను పళ్లలోకి దిగక పైనే నిలబడింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, వంగి చూసి, ఒక్క పన్ను జరిపాడు. సర్రున దిగిపోయింది. "ఓహో, జోడీ చూసి ఎయ్యాల" అన్నాడు.

చైను పొడవు కొలిచేటప్పుడు దాన్ని డీరైలర్‌లోంచి పోనివ్వక్కర్లేదు. ముందరి చక్రం, వెనక 42, రెండింటి చుట్టూ చైను వేసి, కలిసే చోట ఇంకో జత లింకులు కలిపి తెంపాం.

బరువు తగ్గుతుందని మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. తీసిన సామాను అంగడి త్రాసులో అరకిలో తూగింది గానీ, కొత్త క్యాసెట్ పాతదానికన్నా బాగా బరువు.

మరుసటి ఆదివారం తెల్లారుజామున గువ్వలచెరువు ఎక్కా. నిటారు మలుపుల్లో 42 మీదే ఉన్నా, ఎక్కడా దిగలేదు. 42 నుంచి కింది గేరుకు దూకేటప్పుడు కాళ్లకు తేడా తెలుస్తుంది, పాతదాంట్లో ఆ మెట్టు ఇంత పెద్దది కాదు. పైన పాలకోవ తిని తిరిగొచ్చేసరికి కొత్త వైరు సాగి మూడో గేరు తడబడింది. సర్దే మరను అర చుట్టు విప్పితే సరిపోయింది.