మదనపల్లె నుంచి కోయంబేడుకు టమోటా లారీలో

మదనపల్లె మార్కెట్ యార్డులో వేలం అయ్యాక లోడైన లారీ ఎక్కాను. పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా వాలాజా చేరితే అక్కడి నుంచి చెన్నై దాకా పెద్ద రోడ్డే.

ఇంత దూరం పోయే కాయను రంగు తిరగడం మొదలవగానే కోయాలి. చెట్టుమీదే పండింది మరునాటి అమ్మకానికి నిలవదు. అయితే ఎక్కువ నష్టం క్రేటు నింపడంలోనే జరుగుతుంది. కాయ అంచు దాటకూడదు. దాటిందంటే పై క్రేటు బరువు కింది క్రేటు అంచు మీద కాక కాయల మీద పడుతుంది. రాత్రంతా కుదుపులకు చితికిన కాయల రసం కింది వరసల్లోకి కారుతుంది. వాన తడితో ఎక్కించినా, గాలి ఆడకుండా టార్పాలిన్ బిగించినా కుళ్లు తొందరగా పడుతుంది.

అర్ధరాత్రి దాటాక చెన్నైలోని కూరగాయల టోకు మార్కెట్ కోయంబేడు. జార్జిటౌన్‌ కొత్తవాల్ చావడిలోని పాత మార్కెట్ ఇరుకైపోయి 1996లో ఇక్కడికి మార్చిన మార్కెట్టిది, 295 ఎకరాలు. మా లారీ దించిన హమాలీలు తెలుగులోనే మాట్లాడారు. "పైది చూసి కొనకండి సార్, అడుగు క్రేటు తీయించండి" అన్నాడొకాయన. చిల్లర వర్తకులకు ఇంతకన్నా మంచి సలహా లేదు. తెల్లవారుజాముకే పెద్ద బేరాలు అయిపోతాయి, మిగిలిన సరుకు ధర పొద్దెక్కేకొద్దీ జారుతుంది.

శీతల గిడ్డంగి కట్టేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నిజమే గానీ, ఏ చలి అన్నది చూడాలి. దోర టమోటాకు 12, 13 డిగ్రీలు కావాలి. 10 కన్నా దిగితే రంగు సరిగా తిరగదు, రుచి పోతుంది, బయటికి తీశాక గుంటలు పడి కుళ్లుతుంది. సున్నా దగ్గర ఉంచే క్యారెట్, క్యాబేజీతో ఒకే గదిలో పెట్టడం కుదరదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే విషయం. 2020 మేలో కరోనాతో ఈ మార్కెట్ మూతపడితే కూరగాయల వ్యాపారాన్ని నగర శివారులోని తిరుమళిశైకి తరలించారు. వానకు అక్కడ నేలంతా బురదైంది. సెప్టెంబరు చివర్లో గానీ మళ్లీ ఇక్కడ తెరవలేదు. ఇంత మహానగరానికి కూరగాయలు ప్రధానంగా ఒకే గేటు గుండా రావడం ప్రమాదం. శివారులో కప్పు, గట్టి నేల, తూకం, నీళ్లు ఉన్న సరుకు దించే రెండో చోటు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

తిరుగు లారీలో ఖాళీ క్రేట్లు వేశారు. అంటుకున్న గుజ్జు రుద్ది కడిగి, బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టాకే వాటిలో కొత్త కాయ పోయాలి. పాత కుళ్లు కొత్త లోడుకు అంటేది వాటినుంచే.